తీగలు లేని అనుసంధానం – బ్లూటూత్: ఉపయోగాలు, పాటించవలసిన జాగ్రత్తలు

సమాచార సాంకేతిక రంగంలో గత పాతికేళ్లలో సంభవించిన మార్పులలో, పెద్దగా ఎవరి దృష్టికీ రాకుండానే ప్రతి ఇంటికీ, ప్రతి కార్యాలయానికీ చేరిన మార్పు ఒకటి ఉన్నది. అది ఎలక్ట్రానిక్ పరికరాల మధ్య తీగలు తొలగిపోవడం. 2000 సంవత్సరం నాటికి కంప్యూటరు బల్ల వెనుక కీబోర్డుకు ఒకటి, మౌస్‌కు ఒకటి, ప్రింటరుకు ఒకటి, స్పీకర్లకు మరొకటి చొప్పున తీగల చిక్కుముడి ఉండేది. సెల్‌ఫోనులోని చిత్రాన్ని కంప్యూటరుకు చేర్చాలన్నా ఆ ఫోనుకు మాత్రమే సరిపోయే ప్రత్యేక కేబుల్ కావలసి వచ్చేది. నేడు ఆ తీగలలో అధిక భాగం కనుమరుగైనవి. ఈ మార్పుకు ప్రధాన కారణమైన పరిజ్ఞానం బ్లూటూత్.

కొద్ది మీటర్ల పరిధిలో ఉన్న రెండు పరికరాలు రేడియో తరంగాల ద్వారా నేరుగా సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకొనే విధానమే బ్లూటూత్. సెల్‌ఫోను టవరు గానీ, ఇంటర్నెట్ గానీ, నెలసరి రుసుము గానీ దీనికి అవసరం లేదు. విలేకరి చొక్కాకు తగిలించుకొనే మైకు, అధికారి కారులో మోగే ఫోను, వృద్ధుల చెవిలోని వినికిడి యంత్రం, రోగి వేలికి తొడిగే పరికరం అన్నీ దీని ఆధారంగా పనిచేయగలుగుతున్నాయి.

ఈ పరిజ్ఞానం మూడు అంగీకారాలపై నిలిచి ఉన్నదని చెప్పవచ్చు. మొదటిది, పోటీ సంస్థలు తమలో తాము కుదుర్చుకున్న అంగీకారం. రెండవది, ప్రజలు లైసెన్సు లేకుండా తరంగాలను వాడుకొనేందుకు ప్రభుత్వాలు ఇచ్చిన అనుమతి. మూడవది, తన పరికరం మరొక పరికరంతో జతపడేందుకు వినియోగదారుడు తెలిపే సమ్మతి. మొదటి రెండూ ఏనాడో పూర్తయినవి. మూడవది మాత్రం ప్రతి వినియోగదారుడూ ప్రతిసారీ ఆలోచించి ఇవ్వవలసినది. సౌకర్యమూ, ప్రమాదమూ రెండూ ఈ మూడవ అంగీకారం వద్దనే ఉన్నందున, పౌరుల సమాచారానికి బాధ్యులైన అధికారులు, తమకు వివరాలు అందించేవారి గోప్యతను కాపాడవలసిన పాత్రికేయులు దీని గురించి తెలుసుకొనడం ఎంతైనా అవసరం.

పేరు వెనుక చరిత్ర

సెల్‌ఫోనుకూ, దాని అనుబంధ పరికరాలకూ మధ్య తీగను తొలగించాలన్న ఆలోచనతో స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ సంస్థ లుండ్ నగరంలోని తన కేంద్రంలో పరిశోధన చేపట్టింది. 1994లో మొదలైన ఈ కృషిలో నెదర్లాండ్స్ ఇంజనీరు జాప్ హార్ట్‌సెన్, ఆయనతో పాటు స్వీడన్ ఇంజనీరు స్వెన్ మాటిసన్ ఈ రేడియో విధానానికి రూపకల్పన చేశారు. తక్కువ ఖర్చు, తక్కువ విద్యుత్తు, తక్కువ దూరం అనేవి వారు పెట్టుకున్న పరిమితులు. బ్యాటరీ మీద నడిచే చిన్న పరికరంలో ఇమడాలంటే ఈ పరిమితులు తప్పనిసరి.

బ్లూటూత్ అంటే నీలి దంతం. సాంకేతిక విషయంతో ఏ మాత్రం సంబంధం లేని ఈ పేరు 10వ శతాబ్దానికి చెందిన డెన్మార్క్ రాజు హెరాల్డ్‌కు ఉన్న బిరుదనామం. విడివిడిగా ఉన్న డేనిష్ తెగలను ఏకం చేసిన పాలకునిగా ఆయనకు పేరున్నది. ఇంటెల్ సంస్థ ఇంజనీరు జిమ్ కార్డాక్ 1997లో ఈ పేరును సూచించారు. ఆ రాజు తెగలను కలిపినట్లే కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు తయారుచేసే రెండు పరిశ్రమలను ఈ పరిజ్ఞానం కలపాలన్నది ఆయన భావన. తొలుత దీనిని తాత్కాలిక నామంగానే అనుకున్నారు. పరిశీలనలో ఉన్న ఇతర పేర్లు ట్రేడ్‌మార్కు తదితర కారణాల వల్ల నిలువలేదు. తాత్కాలిక నామమే శాశ్వతమైంది. ఫోన్లపై కనిపించే నీలిరంగు గుర్తు కూడా హెరాల్డ్ పేరులోని రెండు పొడి అక్షరాలను ప్రాచీన స్కాండినేవియా లిపిలో కలిపి వ్రాసినదే.

పోటీదారుల మధ్య అంగీకారం

ఒకే సంస్థ తయారుచేసిన పరికరాల మధ్య మాత్రమే పనిచేసే పరిజ్ఞానానికి ప్రయోజనం స్వల్పం. ఒక కంపెనీ ఫోను మరొక కంపెనీ కంప్యూటరుతో, మూడవ కంపెనీ హెడ్‌సెట్‌తో మాట్లాడగలిగినప్పుడే దానికి విలువ. ఈ సంగతిని గుర్తించిన ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా సంస్థలు 1998 మే నెలలో ఒక ప్రత్యేక ప్రయోజన బృందంగా ఏర్పడినట్లు ప్రకటించాయి. బ్లూటూత్ సిగ్ అని పిలిచే ఈ బృందం ప్రమాణాలను రూపొందించి ప్రచురిస్తుంది. వాటి ప్రకారం పరీక్షలలో నెగ్గిన ఉత్పత్తులకే బ్లూటూత్ పేరు, గుర్తు వాడుకొనే హక్కు లభిస్తుంది. అయిదు సంస్థలతో మొదలైన ఈ బృందంలో నేడు 40 వేలకు పైగా సంస్థలు సభ్యత్వం కలిగి ఉన్నాయి.

తొలి ప్రమాణం 1999లో వెలువడింది. 2004లో వచ్చిన 2.0 రూపంలో సమాచార వేగం సెకనుకు 3 మెగాబిట్ల వరకు పెరిగింది. 2007 నాటి 2.1 రూపం పరికరాలను జతచేసే పద్ధతిని సులభతరం, సురక్షితం చేసింది. 2010లో వచ్చిన 4.0 రూపం అతి తక్కువ విద్యుత్తుతో పనిచేసే విధానాన్ని ప్రవేశపెట్టింది. నోకియా సంస్థ 2006లో వైబ్రీ పేరిట ప్రకటించిన పరిజ్ఞానమే దీనికి మూలం. నాణెమంత బ్యాటరీతో నెలలు, కొన్ని సందర్భాలలో సంవత్సరాల పాటు పనిచేసే చేతి పట్టీలు, ఉష్ణమాపకాలు, తాళాలు దీని వల్లనే సాధ్యమైనవి.

లైసెన్సు అవసరం లేని తరంగాలు

రేడియో తరంగాలు ప్రజలందరి ఉమ్మడి వనరు. ఒకే పౌనఃపున్యాన్ని పలువురు ఇష్టానుసారం వాడితే ఎవరి సందేశమూ ఎవరికీ చేరదు. అందువల్ల అన్ని దేశాలలో ప్రభుత్వ నియంత్రణ ఉన్నది. మన దేశంలో 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం రేడియో పరికరం కలిగి ఉండడానికే లైసెన్సు అవసరమయ్యేది. పాటలు, వార్తలు వినే రేడియో పెట్టెకు సైతం తపాలా కార్యాలయంలో ఏటా రుసుము చెల్లించి, లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకొన్న రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి.

2.4 గిగాహెర్ట్జ్ పరిసరాలలోని తరంగాలను పారిశ్రామిక, శాస్త్రీయ, వైద్య అవసరాలకు కేటాయించడం అంతర్జాతీయంగా జరిగింది. ఆహారాన్ని వేడిచేసే మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది ఈ తరంగాలతోనే. 1985లో అమెరికా సమాచార ప్రసారాల నియంత్రణ సంస్థ ఈ శ్రేణిలో తక్కువ శక్తి గల సమాచార పరికరాలకు లైసెన్సు లేకుండా అవకాశం కల్పించింది. భారత ప్రభుత్వం 2005 జనవరి 28న జారీచేసిన నిబంధనల ద్వారా 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల శ్రేణిలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు నుండి మినహాయింపు ఇచ్చింది. బ్లూటూత్‌తో పాటు వైఫై కూడా ఈ నిర్ణయం వల్ల లబ్ధి పొందింది.

ఈ మినహాయింపుతో పాటు కొన్ని షరతులు కూడా ఉన్నాయి. పరికరం నిర్ణీత శక్తికి మించి ప్రసారం చేయరాదు. దాని రకానికి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగం ఆమోదం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ తరంగాలు ఏ ఒక్కరి సొంతమూ కావు. ఇతరుల పరికరాల వల్ల అంతరాయం కలిగితే రక్షణ కోరే హక్కు ఉండదు. లైసెన్సు పొందిన వారికి అంతరాయం కలిగించనూ రాదు. ప్రాణాధారమైన సమాచారానికి, ఉదాహరణకు విపత్తుల నిర్వహణలో హెచ్చరికలు పంపడానికి, ఈ శ్రేణి ఒక్కదానిపైనే ఆధారపడరాదన్నది దీని నుండి గ్రహించవలసిన అంశం.

పనిచేసే విధానం

ఒకే శ్రేణిలో ఇన్ని పరికరాలు కిక్కిరిసి ఉన్నప్పుడు ఒకదాని మాట మరొకదానికి ఎలా చేరుతుందన్న సందేహం సహజం. రద్దీగా ఉన్న సంతలో ఇద్దరు మాట్లాడుకొనదలచితే, ఒకచోట గోల ఎక్కువైనప్పుడు మరొక చోటికి, అక్కడి నుండి ఇంకొక చోటికి జరుగుతూ మాట కొనసాగిస్తారు. తరువాత ఎక్కడికి వెళ్లాలో వారిద్దరికీ ముందే తెలిసి ఉంటే సంభాషణ తెగదు. బ్లూటూత్ అనుసరించేది ఈ పద్ధతినే. సంప్రదాయ బ్లూటూత్ విధానంలో ఈ శ్రేణిని ఒక్కొక్క మెగాహెర్ట్జ్ వెడల్పు గల 79 మార్గాలుగా విభజించారు. జతపడిన పరికరాలు సెకనుకు 1600 సార్లు వరకు మార్గం మారుస్తూ సమాచారాన్ని పంపుకొంటాయి. 2003లో వచ్చిన 1.2 రూపం నుండి రద్దీ మార్గాలను గుర్తించి వాటిని వదిలివేసే నేర్పు కూడా తోడైంది.

మార్గాలు మార్చే ఈ ఆలోచనకు సుదీర్ఘ చరిత్ర కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో శత్రువులు టార్పిడోల రేడియో సంకేతాలను అడ్డుకొనకుండా ఉండేందుకు హాలీవుడ్ నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ ఇటువంటి పద్ధతిని ప్రతిపాదించి 1942లో పేటెంటు పొందారు. స్వయంగా మోగే పియానోలో వాడే రంధ్రాల కాగితపు చుట్టల సహాయంతో 88 పౌనఃపున్యాల మధ్య మారాలన్నది వారి ప్రతిపాదన. పియానోకు ఉండే మెట్ల సంఖ్య కూడా 88 కావడం గమనార్హం.

బ్లూటూత్ పరికరాలు చిన్న బృందాలుగా ఏర్పడతాయి. సంప్రదాయ విధానంలో ఒక పరికరం సారథ్యం వహించగా ఒకేసారి గరిష్ఠంగా 7 పరికరాలు దానితో చురుకుగా సంభాషించగలవు. ప్రసార శక్తిని బట్టి తొలుత వీటిని మూడు తరగతులుగా విభజించారు. 100 మిల్లీవాట్ల వరకు శక్తి గలవి సుమారు 100 మీటర్లు, 2.5 మిల్లీవాట్లవి సుమారు 10 మీటర్లు, ఒక మిల్లీవాటువి సుమారు ఒక మీటరు దూరం వరకు పనిచేస్తాయి. గోడలు, లోహపు బీరువాలు ఈ దూరాన్ని తగ్గిస్తాయి. మానవ శరీరంలో నీరు అధికంగా ఉన్నందున, జేబులోని ఫోనుకూ ఎదురుగా ఉన్న పరికరానికీ మధ్య మనిషి అడ్డుగా ఉన్నా సంకేతం బలహీనపడుతుంది.

ఇతర స్వల్పదూర విధానాలు

బ్లూటూత్‌ను దానితో పోలిక గల ఇతర విధానాలతో కలగాపులగం చేయడం వార్తలలోనూ, కార్యాలయ పత్రాలలోనూ తరచు కనిపిస్తున్నది. టీవీ రిమోట్ వాడే పరారుణ కిరణాలకు రెండు పరికరాలు ఎదురెదురుగా ఉండాలి; మధ్యలో చేయి అడ్డుపెడితే సంకేతం ఆగిపోతుంది. బ్లూటూత్‌కు ఆ ఇబ్బంది లేదు. వైఫై అధిక వేగంతో ఎక్కువ సమాచారాన్ని చేరవేస్తుంది; కానీ విద్యుత్తు ఎక్కువ వాడుతుంది. తాకించి చెల్లించే బ్యాంకు కార్డులలో ఉన్నది ఎన్‌ఎఫ్‌సీ. ఇది 13.56 మెగాహెర్ట్జ్ వద్ద కొద్ది సెంటీమీటర్ల దూరంలో మాత్రమే పనిచేస్తుంది. ఈ విధంగా పిన్ నమోదు చేయకుండా చెల్లించగల మొత్తం పరిమితిని రిజర్వు బ్యాంకు 2021 జనవరి 1 నుండి 2 వేల రూపాయల నుండి 5 వేల రూపాయలకు పెంచింది. జాతీయ రహదారుల టోల్ ప్లాజాల వద్ద 2021 ఫిబ్రవరి నుండి తప్పనిసరి అయిన ఫాస్టాగ్‌లో ఉన్నది ఆర్‌ఎఫ్‌ఐడీ. కారు అద్దానికి అంటించిన ఆ పట్టీలో బ్యాటరీ ఉండదు. టోల్ ప్లాజా వద్ద ఉన్న యంత్రం పంపే తరంగాల శక్తితోనే అది తన సంఖ్యను తెలియజేస్తుంది.

దూరం, వేగం, విద్యుత్తు అనే మూడింటిలో దేనికి ప్రాధాన్యం ఇవ్వాలన్న దానిని బట్టి విధానం ఎంపిక ఉంటుంది. ఏ పరికరంలో ఏ విధానం ఉన్నదో సరిచూసుకొనకుండా వార్త వ్రాసినా, టెండరు పిలిచినా పొరపాటుకు ఆస్కారం ఉన్నది.

ప్రజోపయోగంలో బ్లూటూత్

వినికిడి లోపం గలవారికి ఈ పరిజ్ఞానం విశేషంగా తోడ్పడుతున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి సంబంధించిన పునరావాస సేవలు అవసరం. వినికిడి యంత్రం ధరించినవారు సభా మందిరంలో కూర్చున్నప్పుడు వక్త మాటలతో పాటు చుట్టుపక్కల శబ్దాలన్నీ పెద్దవై వినిపించడం వారి ప్రధాన సమస్య. 2022లో పూర్తయిన ఎల్‌ఈ ఆడియో ప్రమాణంలో భాగమైన ఆరాకాస్ట్ విధానం ద్వారా ఒకే ప్రసార పరికరం నుండి ఎంతమందికైనా నేరుగా వారి వినికిడి యంత్రాలలోకే మాటలను చేర్చవచ్చు. ఇందుకు యంత్రం కూడా ఆ ప్రమాణానికి అనుగుణమైనదై ఉండాలి. సభా మందిరాలు, రైల్వే స్టేషన్లు, న్యాయస్థానాలు, బస్ ప్రాంగణాలు నిర్మించే లేదా ఆధునీకరించే శాఖలు ప్రణాళిక దశలోనే ఈ సదుపాయాన్ని పరిశీలించడం మేలు.

వైద్యరంగంలో రక్తంలో చక్కెర, రక్తపోటు, ఆక్సిజన్ స్థాయి కొలిచే పరికరాలు ఫలితాలను నేరుగా ఫోనుకు చేరవేస్తున్నాయి. చేతితో వ్రాసేటప్పుడు దొర్లే తప్పులు ఇందువల్ల తగ్గుతాయి. కొన్ని రకాల పేస్‌మేకర్లు సైతం రోగి ఇంటి నుండే వైద్యునికి సమాచారం అందించగలుగుతున్నాయి.

కోవిడ్ కాలంలో బ్లూటూత్ ప్రజారోగ్య సాధనంగా మారింది. 2020 మార్చిలో సింగపూర్ ట్రేస్‌టుగెదర్ యాప్‌ను ప్రారంభించగా, భారత ప్రభుత్వం అదే సంవత్సరం ఏప్రిల్ 2న ఆరోగ్య సేతు యాప్‌ను విడుదల చేసింది. యాప్ ఉన్న రెండు ఫోన్లు దగ్గరగా వచ్చినప్పుడు బ్లూటూత్ ద్వారా ఒకదానిని ఒకటి గుర్తించేవి. తరువాత వారిలో ఒకరికి వ్యాధి నిర్ధారణ అయితే రెండవవారిని హెచ్చరించే వీలుండేది. అయితే ఫోను పరిసరాలను నిరంతరం గమనించడం వల్ల పౌరుల వ్యక్తిగత గోప్యత ఏమవుతుందన్న చర్చ దేశవ్యాప్తంగా సాగింది. 2020 మే 11న కేంద్రం జారీచేసిన నియమావళి ఈ సమాచారాన్ని సాధారణంగా 180 రోజులకు మించి ఉంచరాదని నిర్దేశించింది. సంబంధీకులను గుర్తించే ఏర్పాటును నిలిపివేసి, ఆ సమాచారాన్ని తొలగించినట్లు ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో పార్లమెంటుకు తెలియజేసింది.

ఈ అనుభవం ఒక సాంకేతిక పరిమితిని కూడా బయటపెట్టింది. సంకేతం బలాన్ని బట్టి దూరాన్ని అంచనా వేసే పద్ధతిలో, గోడకు అవతలి గదిలో ఉన్న వ్యక్తిని కూడా దగ్గరగా ఉన్నట్లు లెక్కించే అవకాశం ఉన్నది. 2024 సెప్టెంబరులో వెలువడిన 6.0 రూపం దూరాన్ని మరింత కచ్చితంగా కొలిచే ఏర్పాటును ప్రవేశపెట్టింది.

పొంచి ఉన్న ప్రమాదాలు

తెలిసిన పరికరం కనిపించగానే మనిషి ప్రమేయం లేకుండా తనంతట తానే జతపడడం బ్లూటూత్‌లోని గొప్ప సౌకర్యం. మనిషి గమనించకుండానే ఆ పని జరిగిపోవడం దాని బలహీనత కూడా. 2004లో వెలుగుచూసిన కాబిర్ అనే పురుగు ప్రోగ్రాము బ్లూటూత్ ద్వారా ఒక ఫోను నుండి మరొక ఫోనుకు వ్యాపించింది. ఆ ప్రోగ్రాము ఫోనులో చేరాలంటే వినియోగదారుడు అంగీకారం తెలుపవలసి ఉండేది. తెరపై పదేపదే వచ్చే ప్రశ్నకు విసిగి అంగీకరించినవారే దాని వ్యాప్తికి కారకులయ్యారు.

2017లో బయటపడిన బ్లూబోర్న్ లోపాలు ఇంతకన్నా తీవ్రమైనవి. బ్లూటూత్ తెరచి ఉంటే చాలు, జత చేయకపోయినా ఫోనులోకి చొరబడే వీలు వాటి వల్ల ఏర్పడింది. తయారీదారులు సాఫ్ట్‌వేరు సవరణలు విడుదల చేశారు. సవరణలు అందని పాత ఫోన్లకు ఆ రక్షణ లభించదు. 2020లో సింగపూర్ పరిశోధకులు కనుగొన్న స్వేన్‌టూత్ లోపాలు కొన్ని వైద్య పరికరాలలోని చిప్‌లను కూడా ప్రభావితం చేయగలవని అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. హెరాల్డ్ రాజుపై తిరుగుబాటు చేసిన ఆయన కుమారుడు స్వేన్ పేరు మీదుగా పరిశోధకులు ఈ లోపాలకు ఆ పేరు పెట్టారు.

పోగొట్టుకున్న తాళాలను, సంచులను వెతికిపెట్టేందుకు ఉద్దేశించిన చిన్న బిళ్లలను ఇతరుల వాహనంలో, సంచిలో రహస్యంగా ఉంచి వారి కదలికలను కనిపెట్టే దురాచారం పలు దేశాలలో బయటపడింది. దీనిని అరికట్టేందుకు ఆపిల్, గూగుల్ సంస్థలు 2024 మే నెలలో ఉమ్మడి ఏర్పాటు చేశాయి. అపరిచిత బిళ్ల ఏదైనా వెంట వస్తున్నట్లయితే ఐఫోను, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ హెచ్చరిక చూపుతాయి. మహిళల భద్రతకు సంబంధించిన ఈ అంశానికి తగిన ప్రచారం అవసరం.

పోటీ పరీక్షలలో అక్రమాలకు కూడా ఈ పరిజ్ఞానం దుర్వినియోగమవుతున్నది. 2021 సెప్టెంబరులో రాజస్థాన్‌లో జరిగిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష సందర్భంగా చెప్పులలో అమర్చిన పరికరాలను పోలీసులు పట్టుకున్నారు. ఇక్కడ పరీక్షల నిర్వాహకులు గ్రహించవలసిన సాంకేతిక అంశం ఒకటున్నది. చెవిలోని చిన్న బ్లూటూత్ పరికరం బయటి వ్యక్తితో నేరుగా మాట్లాడజాలదు. బయటి మాట వినిపించాలంటే కొద్ది మీటర్ల లోపల సెల్‌ఫోను వంటి మరొక పరికరం ఉండవలసినదే. అందువల్ల తనిఖీ చెవులకు పరిమితం కారాదు. 2024 జూన్ 21 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, దాని పరిధిలోని ప్రభుత్వ పరీక్షలలో అక్రమాలకు పాల్పడే వ్యక్తులకు 3 నుండి 5 సంవత్సరాల జైలుశిక్ష, 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అభ్యర్థుల విషయంలో సంబంధిత పరీక్షా సంస్థ నిబంధనలు వర్తిస్తాయి.

పాటించవలసిన జాగ్రత్తలు

రెండు పరికరాలను తొలిసారి జత చేసేటప్పుడు తీసుకొనే జాగ్రత్తపైనే తదుపరి భద్రత చాలావరకు ఆధారపడి ఉంటుంది. పాత పరికరాలలో నాలుగు సున్నాలు లేదా ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెలే సంకేతపదంగా ఉండేవి. నేడు తెర గల పరికరాలు రెండింటిపైనా ఆరు అంకెల సంఖ్య కనిపిస్తుంది. అవి రెండూ ఒకటేనా అని సరిచూసి అంగీకరించాలి. మధ్యలో మూడవ పరికరం దొంగతనంగా చొరబడి ఉంటే ఆ రెండు సంఖ్యలూ యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 10 లక్షలలో ఒకటి మాత్రమే. ఆ సంఖ్యను చూడకుండానే అంగీకరించినవారికి ఈ రక్షణ ఏ మాత్రం ఉపయోగపడదు.

మనకు మనం కోరుకొనని జత ప్రతిపాదనను ఎన్నిసార్లు వచ్చినా తిరస్కరించాలి. జత చేయడం రద్దీ ప్రదేశాలలో కాక ఇంటివద్దనో, కార్యాలయంలోనో పూర్తిచేసుకొనడం మంచిది. అవసరం లేనప్పుడు బ్లూటూత్‌ను ఆపివేయాలి. కొన్ని ఫోన్లలో పైనుండి దించే మెనూలోని గుర్తును నొక్కితే అది పూర్తిగా ఆగదు. సెట్టింగులలోకి వెళ్లి ఆపవలసి ఉంటుంది. తయారీదారులు పంపే సాఫ్ట్‌వేరు సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరించాలి.

ప్రభుత్వ వాహనాలు, అద్దె వాహనాలు వాడేవారు మరొక విషయాన్ని గుర్తుంచుకొనాలి. ఫోనును కారు ఆడియో వ్యవస్థతో జత చేసినప్పుడు ఫోనులోని పేర్లు, నెంబర్లు, కాల్ వివరాలు కారులోకి చేరే అవకాశం ఉన్నది. వాహనం మారినా, అధికారి బదిలీ అయినా ఆ వివరాలు అందులోనే మిగిలిపోవచ్చు. తనకు వార్త అందించినవారి పేరు బయటపడరాదని భావించే విలేకరికి, దర్యాప్తులో ఉన్న అధికారికి ఇది చిన్న విషయం కాదు. వాహనాన్ని అప్పగించే ముందు అందులోని జత జాబితా నుండి తమ ఫోనును తొలగించడం, ఫోనులో నుండి కారు పేరును తొలగించడం రెండూ చేయాలి. కార్యాలయాలలో కంప్యూటర్లు, ప్రింటర్లు, స్పీకర్లు పాతబడి వేలం వేసే సమయంలోనూ ఇదే నియమం పాటించాలి.

బ్లూటూత్ వల్ల వెలువడే తరంగాల గురించి ప్రజలలో ఉన్న భయాన్ని కూడా ప్రస్తావించవలసి ఉన్నది. ఈ తరంగాలు ఎక్స్ కిరణాల వలె అణువులను ఛేదించే రకానికి చెందినవి కావు. సాధారణ హెడ్‌సెట్ వెలువరించే శక్తి కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. దూరపు టవరుతో మాట్లాడే సెల్‌ఫోను గరిష్ఠంగా వెలువరించే శక్తిలో ఇది స్వల్ప భాగం. వాహనం నడిపేటప్పుడు పొంచి ఉన్న ప్రమాదం తరంగాల వల్ల కాక ఏకాగ్రత చెదరడం వల్ల కలుగుతుంది. చేతిలో ఫోను పట్టుకొని నడపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. చేతులు ఖాళీగా ఉన్నంత మాత్రాన మనసు రహదారిపై ఉన్నట్లు కాదు.

పరస్పరం పోటీపడే సంస్థలు ఒక మాటపైకి రావడం, ప్రభుత్వాలు ఉమ్మడి వనరును ప్రజలకు తెరచి ఉంచడం వల్లనే ఈ పరిజ్ఞానం సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది. వినికిడి లోపం గల శ్రోతకు సభలోని మాట చేరవేయడం నుండి రోగి నాడిని వైద్యునికి తెలియజేయడం వరకు దీని సేవలు విస్తరించాయి. ఇక మిగిలినది తెరపై కనిపించే చిన్న ప్రశ్నకు ఇచ్చే సమాధానం. ఎవరితో, ఎందుకు, ఎంతకాలం జతపడుతున్నామో తెలుసుకొని అంగీకరించే అలవాటును అధికారులు తమ కార్యాలయాలలో అమలుచేయడం, పాత్రికేయులు తమ రచనల ద్వారా పాఠకులకు తెలియజేయడం వల్ల ఈ పరిజ్ఞానం ఫలాలు ప్రజలకు సురక్షితంగా అందగలవు.